నిర్వాణా ‘ఇన్ యుటెరో’లో డ్రమ్స్ అంత దగ్గరగా ఎలా వినిపిస్తాయి? ఎనిమిది ఇన్‌పుట్‌లతో అపార్ట్‌మెంట్‌లో ఆ సౌండ్ పట్టగలమా?

మీ ప్రశ్న సారం ఇది. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణా 1993లో తెచ్చిన ‘ఇన్ యుటెరో’ ఆల్బమ్ వింటుంటే డ్రమ్స్ వాయించే గదిలోనే మనమూ నిలబడ్డట్టు ఉంటుంది. మీ బ్యాండ్ హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్‌లో, 12 బై 10 అడుగుల గదిలో రికార్డ్ చేసుకుంటోంది. కింద టైల్స్, పైన స్లాబు. ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఉంది. మైకులు ఆరు: కిక్‌కి (కాలితో వాయించే పెద్ద డ్రమ్ముకి) ఒక డైనమిక్, రెండు ఎస్ఎం57లు (ఇవీ డైనమిక్ మైకులే), ఒక జత చిన్న కండెన్సర్లు (సన్నటి శబ్దాల్నీ పట్టే మైకులు), ఒక పెద్ద కండెన్సర్. రివర్బ్ ప్లగిన్లు (ప్రతిధ్వని కలిపే సాఫ్ట్‌వేర్) ఎన్ని మార్చినా ఆ శబ్దం రావట్లేదు, ఏది కొనాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: డ్రమ్ హెడ్స్ తప్ప ఏదీ కొనకండి. ఆ శబ్దం మిక్స్‌లో కలిపింది కాదు. టేపు తిరగకముందే గదిలో ఉంది. మీరు చేయాల్సింది ఇది. డ్రమ్స్‌ని ఆ చిన్న గదిలోంచి హాల్లోకి మార్చండి. కొత్త హెడ్స్ (డ్రమ్ముకి బిగించే ప్లాస్టిక్ చర్మాలు) వేసి ట్యూన్ చేయండి. చిన్న కండెన్సర్లు రెండింటినీ డ్రమ్ముల మీద నుంచి తీసి, మూడు నాలుగు మీటర్ల దూరంలో నేల మీద పడుకోబెట్టండి. రికార్డయ్యాక ఆ రెండు ట్రాకుల్నీ 10 నుంచి 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలయ్యేట్టు జరపండి. డ్రమ్మర్ స్నేర్ (కింద తీగలుండే, ‘చట్’మనే డ్రమ్), కిక్ మీద బలం పెట్టి, సింబల్స్ (లోహపు తాళాలు) మీద చెయ్యి తేలిక చేయాలి. వీటన్నిటిలో ఈ చివరిదే పెద్దది. అది కుదరకపోతే మిగతావన్నీ చేసినా సగమే వస్తుంది.

ఇక వివరంగా చూద్దాం.

ముందు ఏ పాటతో పోల్చుకుంటున్నారో తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఆల్బమ్ మొత్తాన్ని రికార్డ్ చేసింది స్టీవ్ ఆల్బినీ అనే ఇంజనీరే. కానీ మొదట బయటికొచ్చిన డిస్కులో ‘హార్ట్-షేప్డ్ బాక్స్’, ‘ఆల్ అపాలజీస్’ రెండూ తర్వాత స్కాట్ లిట్ అనే నిర్మాత మళ్లీ మిక్స్ చేసినవి. రేడియోలో ఎక్కువగా తిరిగిన పాటలు కూడా అవే కాబట్టి జనం చెవిలో ఉన్నవి కూడా ఆ రెండే. ఆల్బినీ గది శబ్దం తెలియాలంటే వాటిని పక్కనపెట్టి ‘సెంట్‌లెస్ అప్రెంటిస్’ మొదటి కొన్ని సెకన్లు వినండి. అక్కడ డ్రమ్స్ ఒక్కటే ఉంటాయి. స్నేర్ దెబ్బ పడ్డాక, తర్వాతి కిక్ వచ్చేలోపు ఆ ఖాళీలో ఏముందో వినండి. ఆ ఖాళీలో ఉన్నదే గది. తర్వాత ‘మిల్క్ ఇట్’ వినండి. ఇంకోటి, స్ట్రీమింగ్‌లో ఒకే ఆల్బమ్ నాలుగైదు రూపాల్లో దొరుకుతుంది. 2013లో ఇరవయ్యేళ్ల సందర్భంగా ఆల్బినీ కొత్తగా చేసిన మిక్స్ ఒకటి, 2023లో ముప్పయ్యేళ్లకి బాబ్ వెస్టన్ చేసిన రీమాస్టర్ ఒకటి ఉన్నాయి. వెస్టన్ 1993లో ఆ సెషన్‌లో ఆల్బినీ పక్కన పనిచేసిన మనిషే. పోల్చేటప్పుడు ఒకే రూపం పట్టుకోండి, ఒకరోజు ఇది ఒకరోజు అది వింటే చెవి కుదురుకోదు.

ఆ సెషన్ ఎలా జరిగిందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. 1993 ఫిబ్రవరిలో, మిన్నెసోటా రాష్ట్రంలో కానన్ ఫాల్స్ అనే చిన్న ఊరి దగ్గరున్న పాకిడెర్మ్ స్టూడియోలో చేశారు. వాయించడం, పాడటం, మిక్స్ అన్నీ కలిపి రెండు వారాల పని. బ్యాండ్‌లోని కర్ట్ కొబేన్ (గిటార్, గొంతు), క్రిస్ట్ నోవోసెలిక్ (బేస్), డేవ్ గ్రోల్ (డ్రమ్స్) ముగ్గురూ చాలావరకు కలిసే వాయించారు. సుమారు సగం పాటలకే తర్వాత అదనపు గిటార్ కలిపారు. గొంతు చివర్లో. గ్రోల్ డ్రమ్స్ చుట్టూ దాదాపు 30 మైకులు పెట్టారు. ఆ అంకె చూసి జడుసుకోకండి. అన్ని మైకులు పెట్టడం అన్నీ ఒకేసారి వాడటానికి కాదు, ఏ పాటకి ఏ దూరం నప్పుతుందో ఎంచుకోవడానికి. మీకు ఆ ఎంపిక లేదు కాబట్టి మీ ఆరు మైకులు ఎక్కడుండాలో ముందే తేల్చుకుంటారు.

మీకు పనికొచ్చే అసలు ముక్క ఇది: ‘వెరీ ఏప్’, ‘టూరెట్స్’ లాంటి వేగమైన పాటలకి డ్రమ్స్‌ని పక్కనున్న వంటగదిలో పెట్టి రికార్డ్ చేశారు. పెద్ద గది ప్రతిధ్వని వేగమైన వాయింపులో దెబ్బకీ దెబ్బకీ మధ్య పేరుకుని ముద్దయిపోతుంది. వంటగది లాంటి చిన్న గట్టి గదిలో శబ్దం ఠక్కున లేచి ఠక్కున పడిపోతుంది. అంటే గది పెద్దదా చిన్నదా అన్నది కాదు, పాట వేగానికి గది తోక (దెబ్బ తర్వాత మిగిలే ప్రతిధ్వని) సరిపోయిందా అన్నదే లెక్క. ఇది తెలిశాక అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం కదా అని దిగులుపడక్కర్లేదు.

ఇంత పచ్చిగా ఉన్న ఆల్బమ్ 1993 సెప్టెంబరులో అమెరికాలో విడుదలై, తొలి వారంలోనే 1,80,000 కాపీలు అమ్ముడై, బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. బ్రిటన్‌లోనూ మొదటి స్థానమే. శుభ్రంగా పాలిష్ చేస్తేనే జనం వింటారని మీ బ్యాండ్‌లో ఎవరైనా వాదిస్తే ఈ సంగతి చెప్పండి.

రివర్బ్ ప్లగిన్ ఎందుకు సరిపోదు? స్నేర్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకు స్నేర్‌ని పూర్తిగా వినదు. హెడ్ మీద ఒక మూల మాత్రమే వింటుంది. పై హెడ్, చెక్క, కింది తీగలు, అన్నీ కలిసి ఒక డ్రమ్ అయ్యేది కనీసం ఒక మీటరు దూరం వచ్చాకే. ఒకరి నోటికి చెవి ఆనించి వింటే ఊపిరితో సహా తెలుస్తుంది గానీ, ఆ మనిషి ఏ గదిలో నిలబడ్డాడో తెలియదు కదా, అలాగే. ఆ మూల శబ్దానికి ఎంత ఖరీదైన రివర్బ్ తగిలించినా అది ఆ మూలకే ప్రతిధ్వని. పైగా గట్టిగా కొడితే, మెల్లగా కొడితే డ్రమ్ అన్ని దిక్కులా విరజిమ్మే శబ్దం మారుతుంది, నిజమైన గది దానికంతా జవాబిస్తుంది. ప్లగిన్‌కి ఆ దగ్గరి మైకు విన్న ముక్కే అందుతుంది. ‘ఇన్ యుటెరో’ లాంటి, చిన్నగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే పాటల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇప్పుడు మీ గది సంగతి. 12 బై 10 గది, స్లాబు ఎత్తు కూడా మామూలుగా 10 అడుగులే ఉంటుంది. అంటే వెడల్పూ ఎత్తూ ఒకటే. పది అడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య ఆ దూరానికి నిలబడిపోయే శబ్దం దాదాపు 57 హెర్ట్జ్. రెండు దిక్కులా అదే అంకె రావడంతో కిక్ కొట్టినప్పుడల్లా ఆ ఒక్క స్వరమే గూబలో ‘బూం’ అంటుంది, మిగతా కిక్ మాయమవుతుంది. దాన్ని ఈక్వలైజర్‌తో కొంత తగ్గించగలరు గానీ, గదిలో మోగుతూ ఉండే ఆ సమయాన్ని తగ్గించలేరు. గోడల మీద వేసే పరుపులు, బొంతలు 57 హెర్ట్జ్‌ని ఏమీ చేయలేవు. అవి పైస్థాయి శబ్దాల్నే మింగుతాయి.

అందుకే తారుమారు చేయమంటున్నాను. డ్రమ్స్ హాల్లోకి, గిటార్ ఆంప్ గదిలోకి. మన ఫ్లాట్లలో హాలు, డైనింగు కలిసి ఒకే పొడుగాటి జాగాగా ఉంటాయి, అదే మీ అదృష్టం. డ్రమ్స్‌ని ఒక చివర, గోడకి కనీసం మూడు అడుగులు వదిలి, కొంచెం ఐమూలగా పెట్టండి. సరిగ్గా మధ్యలో పెట్టకండి. మధ్యలో కొన్ని కింది స్వరాలు పూర్తిగా చచ్చిపోతాయి.

తర్వాత చప్పట్లు కొట్టి చూడండి. డ్రమ్మర్ కూర్చునే చోట నిలబడి, ఒక్కసారి గట్టిగా. ‘ట్ర్ర్‌ర్’ అని స్ప్రింగులాంటి తోక వినిపిస్తే రెండు ఖాళీ గోడలు ఎదురెదురుగా శబ్దాన్ని బంతాట ఆడుకుంటున్నాయని అర్థం. రెండు గోడలకీ కప్పక్కర్లేదు, ఒకదానికి చాలు. మంచం పరుపుని ఆ గోడకి నిలువుగా ఆనించండి. లేదంటే పుస్తకాల అలమరా ఉన్నా పనికొస్తుంది. హాలంతా దుప్పట్లతో కప్పేయకండి. అది చేసేసి గది శబ్దం రాలేదంటే ఎలా వస్తుంది? టైల్స్ నేల ఖాళీగానే ఉండాలి. డ్రమ్స్ జారకుండా కింద మాత్రం ఒక జంపఖానా వేసుకోండి.

హాలుకి ఆనుకుని వంటిల్లు ఉంటుంది కదా, అక్కడ ఒక దొంగ ఉంటాడు. స్టాండులో బోర్లించిన స్టీలు గిన్నెలు, గ్లాసులు స్నేర్ పడినప్పుడల్లా సన్నగా గణగణమంటాయి. వాయిస్తున్నప్పుడు చెవికి ఆనదు. తర్వాత రూం ట్రాకుని (నేల మీది దూరపు మైకుల రికార్డింగుని) పెంచినప్పుడు ప్రతి దెబ్బ వెనకా చిల్లర గలగల వినిపిస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా తీయడం చాలా కష్టం. గిన్నెల మధ్య తువ్వాళ్లు కుక్కండి, లేదా తలుపు వేసేయండి. కిటికీ అద్దాలు, గోడకున్న ఫొటో ఫ్రేములు, ట్యూబ్‌లైటు పట్టీ, ఇవన్నీ కూడా ఒకసారి చేత్తో తట్టి చూడండి. ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి. గిటార్‌లో ‘జుయ్’మని వినిపిస్తే ముందు ఫ్యాన్ రెగ్యులేటర్నీ, డిమ్మర్ లైట్లనీ అనుమానించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఆ టేకు వద్దు, కొన్ని ఇన్వర్టర్ల చెడ్డ విద్యుత్తు ఆంప్‌లో ముళ్లలా వినిపిస్తుంది.

డ్రమ్ ట్యూనింగ్ దగ్గర బద్ధకిస్తే మిగతా శ్రమంతా బూడిదలో పోసినట్టే. దూరం మైకు దయాదాక్షిణ్యాలు లేనిది. దగ్గరి మైకుకి టేపు ముక్కలతో, గేటుతో (చిన్న శబ్దాల్ని కోసేసే ప్లగిన్) దాచేసిన లోపాలన్నీ నాలుగు మీటర్ల దూరంలో బయటపడతాయి. స్నేర్‌కీ టామ్‌లకీ పైన ఒకే పొర ఉన్న కోటెడ్ హెడ్స్ వేయండి. రెండు పొరల, నూనె పొర ఉన్న హెడ్స్ దగ్గరి మైకుకి బాగుంటాయి గానీ దూరానికి వెళ్లేసరికి అట్టపెట్టె చప్పుడవుతాయి. హెడ్ పెట్టి, స్క్రూలన్నీ వేళ్లతో బిగినంత బిగించండి. తర్వాత ఎదురెదురు స్క్రూలు జంటగా, ఒక్కోదానికి పావు చుట్టు చొప్పున తిప్పండి. ముడతలు పోయాక, మధ్యలో వేలు తేలిగ్గా ఆనించి, అంచుకి రెండు అంగుళాల లోపల ప్రతి స్క్రూ ముందూ కర్రతో తట్టండి. అన్ని చోట్లా ఒకే స్వరం రావాలి. ఒకచోట తక్కువ పలికితే ఆ స్క్రూనే అనుకోకండి, దాని ఎదురుదాన్ని కూడా చూడండి. తప్పు తరచుగా అటువైపే ఉంటుంది.

స్నేర్ కింది హెడ్ బాగా బిగువుగా ఉండాలి. తీగల మీట మాత్రం ముందు పూర్తిగా వదులు చేసి, కొడుతూ కొడుతూ కొంచెంకొంచెం బిగించండి. ‘చర్ర్’ అని వేలాడే చప్పుడు ఆగి ‘చట్’ అన్న క్షణంలో ఆపేయాలి. అంతకు మించి బిగిస్తే డ్రమ్ గొంతు నొక్కినట్టే. కిక్ లోపల దిండు కుక్కే అలవాటుంటే తీసేయండి. మడిచిన చేతి తువ్వాలు ఒకటి, హెడ్‌కి అంచులో ఆనీ ఆననట్టు ఉంటే చాలు. ఏసీ ఆపాక హాలు వేడెక్కుతుంది, ట్యూనింగ్ కాస్త దిగుతుంది. రెండు టేకులకోసారి స్నేర్ తట్టి చూసుకోండి.

ఇక డ్రమ్మర్. మైకులు పెట్టకముందే ఒక పరీక్ష పెట్టండి. ఫోన్‌ని మూడు మీటర్ల దూరంలో నేల మీద పెట్టి, పాటలో గట్టిగా వాయించే భాగం ఒక నిమిషం రికార్డ్ చేయండి. వినండి. స్నేర్ కన్నా సింబల్స్ ఎక్కువగా వినిపిస్తున్నాయా? అయితే ఏ మైకూ మిమ్మల్ని కాపాడలేదు. దగ్గరి మైకుల పద్ధతిలో స్నేర్ ఫేడర్ పెంచి ఈ తప్పు కప్పేయొచ్చు. గది మైకుల్లో అందరూ కలిసే ఉంటారు, ఎవరినీ విడిగా పెంచలేరు. సగం తెరిచిన హై-హ్యాట్‌ని (కాలితో మూసి తెరిచే సింబల్స్ జంట) కర్ర మెడతో బాదడం అన్నిటికన్నా పెద్ద నష్టం. దాన్ని కర్ర కొనతో వాయించమనండి. క్రాష్ సింబల్‌ని బాదకుండా అంచు మీద జార్చి వదలమనండి. గ్రోల్ వాయింపు గురించి అందరూ ‘ఎంత గట్టిగా కొడతాడో’ అంటారు. ఈ ఆల్బమ్‌లో గమనించాల్సింది బలం మాత్రమే కాదు, ప్రతి స్నేర్ దెబ్బా దాదాపు ఒకే బరువుతో పడటం. అలా పడితేనే గది కూడా ప్రతిసారీ ఒకేలా జవాబిస్తుంది. మీ డ్రమ్మర్‌కి ఇది ఒక వారం సాధన. ఆ వారం ఇవ్వండి.

మైకుల పంపకం ఇలా చేయండి. ఒకటో ఇన్‌పుట్ కిక్. ముందు హెడ్‌కి రంధ్రం ఉంటే మైకు తల సరిగ్గా ఆ రంధ్రం అంచున ఉండాలి, లోపలికి పూర్తిగా దూర్చొద్దు. రెండోది స్నేర్ మీద ఎస్ఎం57, అంచుకి 4-5 సెంటీమీటర్ల పైన, మధ్యకి చూస్తూ, వీపు హై-హ్యాట్ వైపు ఉండేట్టు. మూడోది పెద్ద కండెన్సర్, పైన ఒక్కటే ఓవర్‌హెడ్‌గా. నాలుగు, ఐదు నేల మీది చిన్న కండెన్సర్లు. ఆరోది రెండో ఎస్ఎం57, గదిలో గిటార్ ఆంప్ ముందు. ఏడోది బేస్ గిటార్ నేరుగా. ఎనిమిదోది దారి చూపే గొంతుకి (గైడ్ వోకల్), అరువు తెచ్చిన ఏ మామూలు మైకైనా సరే. బేస్ ఆంప్‌ని హాల్లో పెట్టొద్దు. బేస్ స్వరం పడినప్పుడల్లా స్నేర్ తీగలు తమంతట తామే వణుకుతాయి, అది నిశ్శబ్దంగా ఉండాల్సిన చోటల్లా పాకుతుంది. గిటారిస్టు కూడా హాల్లోనే డ్రమ్మర్ ఎదురుగా నిలబడి, కేబుల్‌ని తలుపు కిందనుంచి గదిలోకి పంపాలి. ఒకరి కళ్లు ఒకరు చూసుకుంటూ వాయించడం ఈ పద్ధతికి ప్రాణం.

ఓవర్‌హెడ్ ఎత్తుకి స్టాండు కొలతలు అక్కర్లేదు, ఒక పురికొస ముక్క చాలు. ఒక కొస స్నేర్ మధ్యలో, ఇంకో కొస కిక్ బీటర్ తగిలే చోట పట్టుకుని, మధ్యలో దారం పైకి లాగితే ఒక త్రికోణం అవుతుంది. ఆ శిఖరం స్నేర్‌కి 90 సెంటీమీటర్ల నుంచి మీటరు పైన ఉండాలి, రెండు పక్కలా దారం పొడవు సమానంగా ఉండాలి. మైకు అక్కడ. అప్పుడు కిక్, స్నేర్ రెండూ ఓవర్‌హెడ్‌కి ఒకే సమయంలో చేరతాయి. ఓవర్‌హెడ్ పైన స్లాబు దగ్గరగా ఉంటుంది కాబట్టి సింబల్స్ కరుకుగా అనిపిస్తే, తాళ్లు కట్టి ఒక మందపాటి బొంత మైకు నెత్తిన వేలాడదీయండి.

ఇక నేల మీది మైకులు. ఎందుకు నేల మీదే అంటే, లెక్క చూడండి. మైకుని మీటరున్నర ఎత్తున స్టాండు మీద, స్నేర్‌కి 3 మీటర్ల దూరంలో పెట్టారనుకోండి. స్నేర్ శబ్దం నేరుగా 3.1 మీటర్లు ప్రయాణించి వస్తుంది. నేలకి తగిలి లేచిన శబ్దం 3.7 మీటర్లు తిరిగి వస్తుంది. ఆ 60 సెంటీమీటర్ల తేడావల్ల రెండూ దాదాపు 280 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్ కండ అంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గది మైకులో స్నేర్ పల్చగా, రేకు డబ్బాలా వినిపించడానికి కారణం ఇదే. మైకు నేలకి ఆనుకుని ఉంటే రెండు దారుల పొడవూ ఒకటే, కొట్టేసుకోవడం ఉండదు. క్యాప్సూల్ (మైకులో శబ్దం పట్టే భాగం) నేలకి ఒక సెంటీమీటరు లోపల ఉండాలి. మెత్తగా ఉంటుందని దిండు మీద పెట్టి ఐదు సెంటీమీటర్లు లేపితే నష్టం మళ్లీ మొదలవుతుంది, ఈసారి 7,400 హెర్ట్జ్ దగ్గర, అంటే సింబల్స్ మెరుపులో. ఒక పల్చటి చేతిరుమాలు మడత చాలు. గది మైకుల్ని నేల మీద పెట్టడం, వాటిని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేయడం, రెండూ ఆల్బినీ ఏళ్ల తరబడి వాడి, అడిగినవాళ్లకల్లా దాచకుండా చెప్పిన పద్ధతులే.

రెండు మైకుల దూరాన్నీ స్నేర్ నుంచి టేపుతో కొలిచి సమానంగా పెట్టండి, అప్పుడే స్నేర్ మధ్యలో నిలబడుతుంది. మీ కండెన్సర్లు ఒకవైపే వినేవైతే, తలల్ని డ్రమ్స్ వైపు కాకుండా ఎదురు గోడ వైపు తిప్పి కూడా ఒక టేకు చేయండి. చిన్న హాల్లో చాలాసార్లు ఇదే గెలుస్తుంది. నేరు దెబ్బ తగ్గి, గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దం పెరుగుతుంది.

గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) పెట్టేటప్పుడు శిఖరాలు −12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు చూసుకోండి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. సౌండ్‌చెక్‌లో కొట్టిన దానికన్నా అసలు టేకులో అందరు డ్రమ్మర్లూ గట్టిగానే కొడతారు.

ఇప్పుడు ఆలస్యం సంగతి. శబ్దం మీటరు దూరానికి దాదాపు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 3 మీటర్ల దూరపు మైకు స్వతహాగా 9 మిల్లీసెకన్లు వెనక ఉంటుంది. దానికి మీరు ఇంకో 15 కలిపితే 24. అంటే మైకు 8 మీటర్ల అవతల ఉన్నట్టు చెవి నమ్ముతుంది. మీ హాలు అంత పొడవు ఉండకపోవచ్చు, చెవికి ఆ సంగతి తెలియదు. 48 కిలోహెర్ట్జ్‌లో 15 మిల్లీసెకన్లంటే 720 శాంపిల్స్. 10తో మొదలుపెట్టి రెండేసి చొప్పున పెంచుకుంటూ పొండి. మొత్తం 30 దాటితే స్నేర్ రెండుసార్లు కొట్టినట్టు విడిపోతుంది, అక్కడి నుంచి కొంచెం వెనక్కి రండి. వేగమైన పాటకి తక్కువ, నెమ్మది పాటకి ఎక్కువ.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, గది ట్రాకుల్ని దగ్గరి స్నేర్ తరంగంతో కలిపి సమం చేయమని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. దూరం అన్న భావనే ఆ ఆలస్యంలో ఉంది. దాన్ని తీసేస్తే గది పోయి, గరుకైన ఇంకో దగ్గరి మైకు మిగులుతుంది.

పొలారిటీ (తరంగం నిటారుగా ఉందా, తలకిందులుగా ఉందా అన్నది) మాత్రం తప్పకుండా చూడండి. అన్నిటినీ మోనోలో వింటూ, ఓవర్‌హెడ్‌కి కిక్ చేర్చి, కిక్ పొలారిటీ అటూ ఇటూ తిప్పండి. ఎటు తిప్పితే కింది బరువు ఎక్కువగా వస్తుందో అది సరైనది. స్నేర్‌కీ అంతే. నేల మైకులకి ఆలస్యం పెట్టిన తర్వాతే ఈ పరీక్ష చేయాలి, ముందు చేస్తే లెక్క మారిపోతుంది. ఎప్పుడైనా స్నేర్ కింద కూడా మైకు పెడితే దాన్ని తిప్పడం దాదాపు ఎప్పుడూ అవసరమే, ఎందుకంటే పై హెడ్ కిందికి దిగినప్పుడు కింది హెడ్ మైకు వైపు వస్తుంది.

ఎడిటింగ్ విషయంలో గట్టిగా చెబుతున్నాను: దెబ్బల్ని ఒక్కొక్కటిగా గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతలకి) జరపకండి. గది ట్రాకులో పాత దెబ్బ నీడ ఉండిపోతుంది, తోకలు మధ్యలో తెగుతాయి. టేకు నచ్చకపోతే మళ్లీ వాయించండి. కావాలంటే పల్లవి ఒక టేకులోంచి, చరణం ఇంకో టేకులోంచి, ఎనిమిది ట్రాకులూ కలిపి ఒకేచోట కత్తిరించి అతికించండి. రెండంగుళాల టేపు రీలు సెకనుకి 30 అంగుళాల వేగంతో నడిపితే పదహారు నిమిషాల చిల్లరకి అయిపోతుంది. ఆ రోజుల్లో జనం వాయింపుతోనే తేల్చుకోవడానికి అదీ ఒక కారణం. మీరు కూడా పాటకి ఐదు టేకులని నియమం పెట్టుకుంటే మూడో టేకుకే మంచిది వస్తుంది.

మిక్స్ మొదలుపెట్టేటప్పుడు కిక్‌తో మొదలుపెట్టకండి. ముందు నేల మైకులు రెండే తెరిచి, ఎడమకీ కుడికీ పూర్తిగా విడదీసి, పాటంతా వినండి. తర్వాత ఓవర్‌హెడ్ మధ్యలో చేర్చండి. ఆ తర్వాత, ఏది లోటనిపిస్తే అది, కిక్ కొంచెం, స్నేర్ కొంచెం. ఈ వరసలో చేస్తే దగ్గరి మైకులు గదికి ఆసరాగా వస్తాయి. తిరగేసి చేస్తే గది అలంకారంగా మిగిలిపోతుంది. గది ట్రాకుల్లో సింబల్స్ కరుకుగా ఉంటే 7,000 హెర్ట్జ్ పైన రెండు మూడు డెసిబెల్స్ దించండి. కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచేది) వీలైనంత తక్కువ. గది మైకుని గట్టిగా నొక్కితే దెబ్బ అణిగి, దెబ్బల మధ్య సింబల్స్ ఉబికి ‘హుష్’ మంటాయి, అది ఈ ఆల్బమ్ శబ్దం కాదు. తప్పనిసరైతే 4:1, అటాక్ 30 మిల్లీసెకన్లు, రిలీజ్ 100, సూది మూడు డెసిబెల్స్ దాటకుండా.

ఇంకా ఒక తేడా ఉంటుంది, దానికి సిద్ధపడండి. పది అడుగుల స్లాబు కింద కిక్ అడుగు భాగం పాకిడెర్మ్‌లో వచ్చినంత లోతుగా రాదు. అందుకే మీ పాటల్లో వేగమైనవాటితో మొదలుపెట్టండి, ఆ వంటగది పాటల దారిలో. నెమ్మది పాటలకి ఒక ఆదివారం పగటిపూట ఏ స్కూలు హాలో అడిగి చూడండి. మరీ పెద్ద ఫంక్షన్ హాలైతే వద్దు. రెండు మూడు సెకన్లు మోగే చోట ప్రతి దెబ్బా ముందరి దెబ్బ మీద పడుతుంది.

ఇదంతా ఒకేసారి చేయక్కర్లేదు. ఈ వారం ఓవర్‌హెడ్, కిక్, నేల మైకులు రెండు, ఈ నాలుగే పెట్టి డ్రమ్స్ ఒక్కటే రికార్డ్ చేయండి. ఆలస్యం 0, 10, 15, 20 మిల్లీసెకన్లతో నాలుగు ఫైళ్లు తీసి, హాలు కొలతలతో పాటు ఇక్కడ పెట్టండి. డ్రమ్స్‌ని, మైకుల్ని ఇంకా ఎటు జరపాలో విని చెబుతాను.